ఒపెరా డైరెక్టర్‌కి అవార్డు దేనికిస్తారు?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో పెట్టుకుంటాను, తర్వాత చదివేవాళ్ళకీ అర్థమవుతుంది. మీ మేనకోడలు అడిలైడ్‌లో థియేటర్ చదువుతోంది. ఆస్ట్రేలియాలో హెల్ప్‌మన్ అవార్డులని ఉండేవని, వాటిలో ఒపెరా (కథంతా పాటల్లోనే నడిచే నాటకం) డైరెక్షన్‌కి విడిగా ఒకటి ఇచ్చేవారని ఆ అమ్మాయి చెప్పింది. మీ సందేహం ఏంటంటే, సంగీతం రాసినాయన పోయి రెండు మూడొందల ఏళ్ళయింది, పాడేది సింగర్లు, వాయించేది ఆర్కెస్ట్రా, వాళ్ళని నడిపేది కండక్టర్. ఇక డైరెక్టర్ చేసేదేముంది, దాన్ని ఎలా తూస్తారు, మన దగ్గర ఇలాంటిది ఉందా అని.

నేను ఈ పనిలో చేరిన కొత్తలో మా నాన్న కూడా ఇదే అడిగారు. కాకపోతే ఇంకాస్త మొరటుగా. "పాడేవాడు పాడతాడు, వాయించేవాడు వాయిస్తాడు, మధ్యలో వీడెవడ్రా?" అన్నారు ఫోన్లో. ఆయన తెనాలి మనిషి, తెల్లవార్లూ కూర్చుని పద్యనాటకాలు చూసినవాడు. ఆయన లెక్కలో నాటకానికి కావాల్సింది ముగ్గురే. గొంతున్న కృష్ణుడు, చెయ్యి తిరిగిన హార్మోనిస్టు, టైముకి డబ్బులిచ్చే కాంట్రాక్టరు. డైరెక్టర్ ఆ లెక్కలో లేడు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను ఆస్ట్రేలియాలో ఇరవై ఏళ్ళ పైనుంచి స్టేజి మేనేజ్‌మెంట్‌లో ఉన్నాను, అందులో సగం పైగా ఒపెరాలే. డైరెక్టర్‌ని కాను. అవార్డులకి ఓటు వేసే ప్యానెల్లో ఎప్పుడూ లేను. కానీ రిహార్సల్ రూములో డైరెక్టర్ పక్కనే కుర్చీ వేసుకుని, ఆయన చెప్పిన ప్రతి అడుగూ ఏ స్వరం దగ్గర పడాలో స్కోరు (సంగీతమంతా స్వరాలుగా రాసి ఉన్న పుస్తకం) మీద పెన్సిల్‌తో రాసుకోవడమే నా ఉద్యోగం. ఒకసారి చెప్పింది పది సార్లు మార్చేవాళ్ళనీ చూశాను, ఏమీ చెప్పకుండానే నాలుగు వారాలు గడిపేసినవాళ్ళనీ చూశాను. ఇప్పుడు చెప్పేదంతా ఆ కుర్చీలోంచి కనపడిందే.

ముందు అవార్డు గురించి. ఆస్ట్రేలియాలో లైవ్ షోలు నిర్మించేవాళ్ళ సంఘం ఒకటుంది, దాని పేరు ఇప్పుడు లైవ్ పెర్ఫార్మెన్స్ ఆస్ట్రేలియా. ఆ సంఘం 2001లో మొదలుపెట్టినవి హెల్ప్‌మన్ అవార్డులు. నాటకం, మ్యూజికల్, డాన్స్, ఒపెరా, కచేరీలు అన్నిటికీ కలిపి జాతీయ స్థాయిలో ఇచ్చేవారు. ఒపెరాలో 'ఉత్తమ ఒపెరా' వేరు, 'ఒపెరాకి ఉత్తమ దర్శకత్వం' వేరు, పాడినవాళ్ళకి మళ్ళీ విడివిడిగా. 2019 దాకా నడిచాయి, 2020లో కోవిడ్ వచ్చి ఆగిపోయాయి. మీ మేనకోడలు 'ఉండేవి' అనడం అందుకే.

సర్ రాబర్ట్ హెల్ప్‌మన్ పేరు మీద పెట్టారు. 1909లో సౌత్ ఆస్ట్రేలియాలోని మౌంట్ గాంబియర్‌లో పుట్టి, లండన్ వెళ్ళి బాలే డాన్సర్‌గా పేరు తెచ్చుకున్నాడు. సినిమాల్లో వేషాలు వేశాడు, కొరియోగ్రఫీ చేశాడు. 1950లో లండన్ కావెంట్ గార్డెన్‌లో 'మదామా బటర్‌ఫ్లై' ఒపెరాకి దర్శకత్వం కూడా చేశాడు. ఇంకో ముచ్చట చెప్తాను, మనవాళ్ళకి నచ్చుతుంది. పుట్టినప్పుడు ఆయన ఇంటిపేరు స్పెల్లింగ్‌లో చివర 'ఎన్' ఒక్కటే ఉండేది. న్యూమరాలజీ మీద నమ్మకమున్న డాన్సర్ అన్నా పావ్లోవా సలహా ఇస్తే రెండో 'ఎన్' తగిలించుకున్నాడని చెప్తారు. మన సినిమావాళ్ళు మాత్రమే అనుకున్నాం కదా!

ఇక అసలు సంగతి. డైరెక్టర్ ఏం చేస్తాడు?

నాటకంలో అయితే ఒక డైలాగ్ ఎంత నెమ్మదిగా చెప్పాలి, ఎక్కడ ఆగాలి అన్నది డైరెక్టర్, నటుడు కలిసి తేల్చుకుంటారు. ఒపెరాలో అది అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఎంత సేపు మౌనం, ఎప్పుడు కోపం, ఏ మాట మీద ఏడుపు, అన్నీ సంగీతంలో రాసేసి ఉంటాయి. కండక్టర్ కాస్త అటూ ఇటూ లాగుతాడేమో గానీ, ఆ టైము డైరెక్టర్ చేతిలో ఉండదు. ఆయన చేతిలో ఉండేది ఒక్కటే, ఆ టైములో ఏం జరగాలన్నది. అది చిన్న విషయం కాదు. పద్దెనిమిదో శతాబ్దపు సంగీతకర్త హాండెల్ పాట ఒకటి తీసుకోండి. ఉండేది రెండు మూడు వాక్యాలు, నడిచేది ఐదారు నిమిషాలు. మొదటి భాగం పాడతారు, రెండో భాగం పాడతారు, మళ్ళీ మొదటి భాగమే గమకాలు వేసి పాడతారు. ఆ ఐదారు నిమిషాలు స్టేజి మీద మిగతావాళ్ళు ఏం చెయ్యాలి?

మనకి తెలిసిన చోటే చూద్దాం. రాయబారం సీను. కృష్ణుడు పద్యం ఎత్తుకున్నాడు, చివరి పాదం దాటాడు, రాగం మొదలైంది. జనం ఈలలు, చప్పట్లు, "వన్స్‌మోర్!" కృష్ణుడు మళ్ళీ మొదటికొచ్చాడు. సరే, ఈలోగా దుర్యోధనుడు ఏం చేస్తున్నాడు? నేను చిన్నప్పుడు చూసిన దుర్యోధనులు చాలామంది ఒక చెయ్యి గద మీద వేసి, ఇంకో చేత్తో మీసం సర్దుకుంటూ, హార్మోనిస్టు వంక చూస్తూ నిలబడేవాళ్ళు. తమ వంతు ఎప్పుడొస్తుందా అని. వాళ్ళ తప్పు కాదు. నువ్వు ఆ టైములో ఏం చెయ్యాలి అని వాళ్ళకి చెప్పిన మనిషి లేడు. ఆ మనిషే మా నాన్న అడిగిన 'వీడు'.

కాబట్టి నేను ఒపెరా డైరెక్షన్ చూసేటప్పుడు పాడేవాళ్ళని చూడను. పాడనివాళ్ళని చూస్తాను. పాడేవాళ్ళకి సంగీతమే సగం నటన నేర్పిస్తుంది, గొంతు బాగుంటే మిగతా లోటు జనం పట్టించుకోరు కూడా. పక్కన ఊరికే నిలబడ్డ మనిషి దగ్గరే డైరెక్టర్ ఉన్నాడా లేడా అన్నది బయటపడిపోతుంది.

దీనికి నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ 2017లో ఆ అవార్డు వచ్చిన 'సాల్'. అడిలైడ్ ఫెస్టివల్‌లో వేశారు, డైరెక్టర్ బారీ కాస్కీ. మెల్‌బోర్న్‌లో పుట్టి, బెర్లిన్‌లో కోమిషె ఒపెరా కంపెనీని చాలా ఏళ్ళు నడిపినాయన. తమాషా ఏంటంటే 'సాల్' అసలు ఒపెరానే కాదు. హాండెల్ 1739లో లండన్‌లో వినిపించిన ఒరటోరియో. అంటే కథ ఉంటుంది, పాత్రలు ఉంటాయి, కానీ వేషాలుండవు, స్టేజి మీద తిరగడం ఉండదు. అందరూ నిలబడి కాగితం చూసి పాడతారు. మన త్యాగరాజస్వామి 'ప్రహ్లాద భక్తి విజయం', 'నౌకా చరిత్రం' రాశారు కదా, గేయనాటకాలు. వాటిని ఎక్కువగా మనం కచేరీల్లో కీర్తనలుగానే విన్నాం. అలాంటిదాన్ని ఎవరో తీసుకుని, వేషాలు వేయించి, ప్రహ్లాదుడి చుట్టూ ఒక రాజ్యాన్ని నిలబెడితే ఎలా ఉంటుంది? కాస్కీ చేసింది అలాంటి పని. సంగీతం హాండెల్‌దే. కానీ కంటికి కనపడేదంతా కొత్తగా పుట్టించాడు. అందుకే మీ ప్రశ్నకి ఇది సరిపోతుంది. ఇక్కడ డైరెక్టర్‌ని తీసేస్తే మిగిలేది ఒక మంచి కచేరీ.

కథ బైబిల్లోది. రాక్షసుడి లాంటి గోలియాత్‌ని దావీదు అనే కుర్రాడు చంపుతాడు, సౌలు రాజుకి (ఇంగ్లీషులో 'సాల్' ఈయనే) ఆ కుర్రాడి మీద అసూయ పుడుతుంది, ఆ అసూయలోనే పిచ్చెక్కి పోతాడు. స్టేజి మీద గోలియాత్ తల పడి ఉంటుంది, మనిషికంటే పెద్దది. తర్వాత విందు బల్ల, దాని మీద పువ్వులు, మాంసం, కుప్పలు తెప్పలుగా. ముఖాలకి తెల్ల రంగు, హాండెల్ కాలం నాటి దుస్తులు వేసుకున్న కోరస్ ఆ బల్ల చుట్టూ ఉంటారు. మధ్యలో విరామం అయ్యాక ఆ రంగులన్నీ మాయం. నల్లటి నేల, దాని మీద లెక్కలేనన్ని కొవ్వొత్తులు. నేను ఆ రోజు టికెట్ కొనుక్కుని ప్రేక్షకుడిగా వెళ్ళాను. అయినా ఆ కొవ్వొత్తుల్ని చూడగానే నాకు మొదట వచ్చిన ఆలోచన, "ఇవన్నీ ఇరవై నిమిషాల్లో పెట్టిందెవర్రా బాబూ" అని. ఉద్యోగ రోగం.

కానీ నాకు గుర్తుండిపోయింది వేరే చోటు. దావీదు గెలిచి వచ్చాక ఆడవాళ్ళు ఎదురెళ్ళి పాడతారు. సౌలు వేలమందిని చంపాడు, దావీదు పదివేలమందిని చంపాడు అని. హాండెల్ అక్కడ గంటలు మోగే వాద్యం ఒకటి వాడాడు, కారిల్లన్ అంటారు. పెళ్ళింట్లో వినపడాల్సినంత ముచ్చటైన సంగీతం. ఆ ముచ్చటలోనే సౌలుకి విషం ఎక్కుతుంది. వాళ్ళు పాడుతున్నంతసేపూ రాజుకి మాట లేదు. 'వేలు', 'పదివేలు' అన్న లెక్క వింటూ ఉండాలి, అంతే. ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ పర్వెస్‌ని తప్ప నేను ఇంకెవరినీ చూడలేకపోయాను. పాడుతున్నది స్టేజి నిండా జనం, నా కళ్ళు మాత్రం పాడని ఒక్క మనిషి మీద. నా కళ్ళని అక్కడికి తీసుకెళ్ళింది ఎవరంటారు?

ఇదంతా రిహార్సల్లో ఎలా తయారవుతుందో ఒక్క చిన్న సంగతితో చెప్తాను. ఇటలీ సంగీతకర్త వెర్దీ రాసిన ఒపెరా 'లా ట్రావియాటా' రెండో అంకం. వియొలెట్టా తను ప్రేమించినవాణ్ణి వదిలి వెళ్ళిపోతూ ఉత్తరం రాస్తుంది. ఆమె రాస్తుంటే క్లారినెట్ మెల్లగా ఒక పాట ఎత్తుకుంటుంది. మామూలుగా అందరూ చేసేది ఏంటంటే, క్లారినెట్ మొదలవగానే సోప్రానో (పైస్థాయి గొంతున్న గాయని) కలం తీసుకుని గబగబా రాసేస్తుంది, మధ్యలో ఒకసారి కన్నీళ్ళు తుడుచుకుంటుంది. నేను పనిచేసిన ఒక ప్రొడక్షన్‌లో డైరెక్టర్ వచ్చి, "రాయకు" అంది. "కలం పట్టుకో. సిరాలో ముంచు. కాగితం మీద పెట్టకు." సింగర్‌కి అర్థం కాలేదు. క్లారినెట్ నడుస్తోంది, చెయ్యి గాల్లో ఆగిపోయి ఉంది. చివరి రెండు బార్లలో (మన తాళం ఆవర్తనాల్లాంటివి) మాత్రం ఒక్కసారిగా నాలుగు గీతల్లో రాసి పడేసింది. రూములో పియానో వాయిస్తున్నాయన చెయ్యి తీసి అలాగే చూస్తుండిపోయాడు. క్లారినెట్ వాయిస్తున్నది ఉత్తరం రాయడాన్ని కాదు, రాయలేకపోవడాన్ని అని అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు. నా స్కోరులో ఆ చోట ఇప్పటికీ రాసి ఉంది: "కలం గాల్లో. 2 బార్లు మిగిలేదాకా ఆగాలి."

చెడ్డ ఉదాహరణ కూడా ఒకటి చెప్పకపోతే న్యాయం కాదు. ఇంకో చోట, పేరు అనవసరం, సినిమా వైపు నుంచి వచ్చిన ఒకాయన సోప్రానోని నిచ్చెన ఎక్కించి, పైన వీపు చూపిస్తూ ఆఖరి స్వరం పాడమన్నాడు. ఫొటోలో అద్భుతంగా ఉంటుంది. వీపు ఇటు తిప్పితే గొంతు వెనక గోడకి పోతుంది, పైగా కండక్టర్ కనపడడు. ఒపెరాలో మైకు ఉండదని ఆయనకి మూడో వారం దాకా ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు. ఆవిడ పాపం రెండు రోజులు ప్రయత్నించి, మూడో రోజు నుంచి నిచ్చెన కింద నిలబడే పాడింది. నిచ్చెన మాత్రం సీజన్ అంతా స్టేజి మీద అలాగే ఉంది, ఎవరూ ఎక్కని నిచ్చెన.

ఇంకోటి, డైరెక్టర్ చేతికి దొరికే టైము చాలా తక్కువ. సింగర్లు పాటలన్నీ కంఠతా పట్టుకుని రిహార్సల్‌కి వస్తారు. నాలుగైదు వారాలు పియానోతో నడుస్తుంది. కోరస్ మాత్రం రోజంతా దొరకదు, వాళ్ళ పని గంటలకి యూనియన్ లెక్కలున్నాయి, గడియారం చూసి వదిలెయ్యాలి. తర్వాత ఆర్కెస్ట్రా దిగుతుంది. ఆర్కెస్ట్రా వచ్చిన క్షణం నుంచి రిహార్సల్ కండక్టర్‌ది. డైరెక్టర్ హాల్లో చీకట్లో కూర్చుని, మైకు పట్టుకుని, ఆపమని అడగాలా వద్దా అని టెన్షన్ పడుతుంటాడు. ఆపితే ఎనభై మంది వాద్యగాళ్ళు ఆగాలి. అందుకే తెలివైనవాళ్ళు పియానోతో చేసే డ్రెస్ రిహార్సల్ నాటికే తమ పని ముగించుకుంటారు. ఆ తర్వాత మిగిలేది లైట్లూ, నావంటి వాళ్ళ క్యూలూ, అంటే ఏది ఎప్పుడు మారాలో చెప్పే సైగలూ. మేము క్యూలు ఇచ్చేది కూడా మాటలని బట్టి కాదు, సంగీతాన్ని బట్టి. "లైట్ 47, స్టాండ్‌బై" అని చెప్పి, కండక్టర్ చెయ్యి పైకి లేచినప్పుడు "గో" అనాలి. చెయ్యి కిందకి దిగాక అంటే ఆలస్యమైపోయినట్టే.

సరే, దీన్ని తూచేదెలా? పద్ధతి పైకి చూడ్డానికి సులువే. ఆ రంగం తెలిసినవాళ్ళ ప్యానెల్ షోలు చూసి నామినేషన్లు వేసేది, తర్వాత ఓటింగ్. కానీ ఇబ్బందులు చాలా ఉండేవి, దాచడం ఎందుకు.

మొదటిది, డైరెక్టర్ పని ఎక్కడ ఆగింది, సెట్ డిజైనర్ పని ఎక్కడ మొదలైంది అని ఎవరు చెప్పగలరు? 2004లో అడిలైడ్‌లోనే స్టేట్ ఒపెరా ఆఫ్ సౌత్ ఆస్ట్రేలియా జర్మన్ సంగీతకర్త వాగ్నర్ 'రింగ్' వేసింది. నాలుగు ఒపెరాలు, కలిపి దాదాపు 15 గంటలు. అంతకుముందు 1998లో కూడా అక్కడ రింగ్ వేశారు గానీ అది పారిస్ నుంచి తెచ్చుకున్నది. ఇది పూర్తిగా ఆస్ట్రేలియాలోనే తయారైన మొదటి రింగ్. డైరెక్టర్ ఎల్కె నైడ్‌హార్ట్. జర్మనీలో పుట్టిన ఈవిడ ఆస్ట్రేలియా వచ్చిన కొత్తలో 'స్కిప్పీ' అనే కంగారూ టీవీ సీరియల్లో నటించింది, అక్కడినుంచి వాగ్నర్ దాకా నడిచిన మనిషి. మైకేల్ స్కాట్-మిచెల్ వేసిన సెట్‌లో నీటి తెర ఉంది, నిజమైన మంట ఉంది. 2005లో ఆ రింగ్‌కి 10 హెల్ప్‌మన్ అవార్డులు వచ్చాయి, అందులో డైరెక్షన్ ఒకటి. జనం ఇప్పటికీ మాట్లాడుకునేది నీళ్ళ గురించీ నిప్పు గురించీ. మరి 15 గంటల్లో నీళ్ళూ నిప్పూ లేని 14 గంటలు ఉన్నాయి కదా, ఇద్దరు మనుషులు నిలబడి పాత అప్పుల గురించి, ఒప్పందాల గురించి వాదించుకునే గంటలు. అవి నిద్ర రాకుండా గడిచాయంటే అది డైరెక్టర్ పని. దాన్ని ఎవరూ ఫొటో తియ్యరు.

రెండోది, బయట తయారైన షోలు. 'సాల్' అడిలైడ్‌కి రాకముందే 2015లో ఇంగ్లండ్‌లోని గ్లైండ్‌బోర్న్ ఒపెరా ఫెస్టివల్లో వేశారు. 2018లో అవార్డు వచ్చిన 'హామ్లెట్' కూడా అంతే. బ్రెట్ డీన్ సంగీతం, మాథ్యూ జోస్లిన్ రాత, నీల్ ఆర్మ్‌ఫీల్డ్ దర్శకత్వం. 2017లో గ్లైండ్‌బోర్న్‌లో మొదట వేసి, మరుసటేడు అడిలైడ్ ఫెస్టివల్‌కి తెచ్చారు. డీన్, ఆర్మ్‌ఫీల్డ్ ఇద్దరూ ఆస్ట్రేలియా వాళ్ళే కాబట్టి ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. నా అభిప్రాయం అడిగితే, ఆ రెండు అవార్డులూ న్యాయంగానే వచ్చాయి. కానీ అక్కడ బాగా డబ్బున్న ఫెస్టివల్లో ఒకసారి పండిన షోతో, ఇక్కడ చిన్న కంపెనీలో మూడు వారాల్లో చేసిన కొత్త షో పోటీ పడాలంటే అది సమాన పోటీ కాదు. పైగా అలాంటి షోలు తిరిగి వేసేటప్పుడు రోజూ రూములో ఉండి, కొత్త కోరస్‌కి అడుగడుగూ నేర్పేది చాలాసార్లు రివైవల్ డైరెక్టర్. వాళ్ళ పేరు ప్రోగ్రామ్ పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అవార్డు మీద ఉండదు.

మూడోది దూరం. పెర్త్‌లో షో పడితే సిడ్నీ మనిషి వెళ్ళి చూడ్డానికి ఐదు గంటల విమానం. అక్కడ ఒపెరాలు మామూలుగా కొద్ది రాత్రులే ఆడతాయి. ఇక ఆడే చోట్లలో కూడా పోలిక ఉండదు. సిడ్నీ ఒపెరా హౌస్ బయట నుంచి ఎంత గొప్పగా ఉంటుందో లోపల ఒపెరా ఆడే హాల్లో పక్క రెక్కలు అంత ఇరుకు, సెట్ దాచుకోడానికి చోటుండదు. అదే ఊళ్ళో 2012 నుంచి హార్బర్ నీళ్ళ మీద స్టేజి వేసి, మైకులు పెట్టి, బాణసంచా కాల్చి ఒపెరా వేస్తున్నారు. ఈ రెండూ ఒకే అవార్డుకి పోటీ పడాల్సి వచ్చేది. రాతి గుడినీ తిరనాళ్ళనీ ఒకే తక్కెడలో పెట్టినట్టు.

వేరే దేశాల్లో ఎలా ఉందంటే, లండన్ ఒలివియర్ అవార్డుల్లో ఒపెరా డైరెక్టర్‌కి విడిగా లేదు, కొత్త ఒపెరా ప్రొడక్షన్‌కి, ఒపెరాలో విశేష కృషికి ఇస్తారు. జర్మనీలో 2006 నుంచి 'ఫౌస్ట్' అని ఇస్తున్నారు, అందులో సంగీత నాటక దర్శకత్వం ఒక విభాగం. చేతికి డబ్బు రాదు, పేరే. ఇటలీలో సంగీత విమర్శకులు ఇచ్చే అబ్బియాతి బహుమతిలోనూ దర్శకత్వం ఉంది. నా మటుకు నాకు విమర్శకులు ఇచ్చేదే కాస్త నమ్మకం. వాళ్ళు తిరుగుతారు, అన్నీ చూస్తారు, తిట్టడానికి మొహమాటపడరు.

మన దగ్గర ఒపెరాకి అని లేదు, ఉండాల్సిన పనీ లేదు. సంగీత నాటక అకాడమీ నాటక దర్శకత్వానికి అవార్డు ఇస్తుంది. నంది నాటక పోటీల్లో పద్యనాటకం విడి విభాగం, ఉత్తమ దర్శకుడికి బహుమతి కూడా ఉంది. మీ ప్రశ్నకి మనకి దగ్గరగా వచ్చేది అదే అని నేననుకుంటాను. కానీ మనకి అసలైన ఉదాహరణ అవార్డులో లేదు, సురభిలో ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటక సంస్థ. మాయలు, తెరలు, గాల్లో తేలే వేషాలు, పాట, పద్యం తరతరాలుగా వాళ్ళ చేతి విద్య. అక్కడికి బి.వి. కారంత్ వచ్చి పనిచేశారు. ఆయన కన్నడ దేశంలో గుబ్బి వీరణ్ణ కంపెనీలో చిన్నతనంలోనే చేరిన మనిషి, స్వయంగా సంగీతం కట్టగలిగిన డైరెక్టర్. 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' వాళ్ళతో చేయించారు. పాట వాళ్ళకి కొత్త కాదు, మాయలూ కొత్త కాదు. బయటినుంచి వచ్చిన మనిషి తెచ్చింది ఇంకో కన్ను. ఒపెరా కంపెనీకి డైరెక్టర్ వచ్చినప్పుడు జరిగేది కూడా అదే, కాకపోతే సురభి వాళ్ళకి యూనియన్ గడియారం లేదు.

మా నాన్న సంగతి సగంలో వదిలేశాను కదా. ఆయన ఒకసారి ఇక్కడికి వచ్చినప్పుడు, నేను పైన చెప్పిన ఆ ట్రావియాటాకే తీసుకెళ్ళాను. ఇటాలియన్ ఒక్క ముక్క రాదు, పైన పడే ఇంగ్లీషు సర్‌టైటిల్స్ చదవడానికి కళ్ళజోడు మర్చిపోయారు. మొదటి అంకంలో సోప్రానో పైస్థాయికి వెళ్ళినప్పుడు "వన్స్‌మోర్" అనబోయి నా కోసం ఆపుకున్నానని తర్వాత చెప్పారు. నేను ఆ రోజు డ్యూటీలో ఉన్నాను, షో అయ్యాక బయట కలిశాను. కారు ఎక్కి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "ఆ అమ్మాయి కలం పట్టుకుని అంతసేపు రాయకుండా కూర్చుందేంట్రా? చదువు రాదా?" డైరెక్టర్ అలా చెయ్యమంది నాన్నా అన్నాను. "ఓహో. మధ్యలో వాళ్ళా," అన్నారు. ఇంటికెళ్ళేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు గానీ, వారం రోజులు పోయాక అమ్మతో ఫోన్లో ఆ కలం సంగతే చెప్తుంటే విన్నాను.

మీ మేనకోడలికి ఈ లైనులో ఆసక్తి ఉంటే రెండు మాటలు చెప్పండి. స్కోరు చదవడం ఇప్పుడే నేర్చుకోమనండి, డిగ్రీ అయ్యాక కాదు. పియానో వాయించడం రాకపోయినా ఫరవాలేదు, వింటూ పేజీ తిప్పగలగాలి. ఏ స్వరం దగ్గర ఏం జరుగుతోందో వేలు పెట్టి చూపించగలిగిన అసిస్టెంట్‌ని ఏ డైరెక్టరూ వదులుకోడు. ఇటాలియన్ కొంచెం, జర్మన్ కొంచెం. అడిలైడ్‌లోనే ఉంది కాబట్టి స్టేట్ ఒపెరా షోలకి వెళ్ళగలదు. డ్రెస్ రిహార్సల్‌కి స్టూడెంట్లని రానిస్తారేమో అడగమనండి, అడిగితే పోయేదేం లేదు. టికెట్ కొనుక్కుంటే ముందు వరస వద్దు, పై బాల్కనీలో చవక సీటు తీసుకోమనండి. అక్కడినుంచి ముఖాలు సరిగ్గా కనపడవు గానీ స్టేజి మొత్తం మ్యాపులా కనపడుతుంది, ఎవరు ఎందుకు కదిలారో తెలుస్తుంది. చేతిలో పెన్సిల్ ఉండాలి. పెన్ను వద్దు, ఈ పనిలో రాసిందంతా మర్నాటికి చెరిపెయ్యాల్సి వస్తుంది.